పదికి ఎంత?

రాత్రి రెండు గంటలప్పుడు మా ఇంట్లో ఒక చప్పుడు మొదలయ్యేది. టప్ టప్ టప్‌మని, గచ్చు మీద ఎవరో చెక్కతో కొడుతున్నట్టు. 34 కిలోల కుక్క వెనక కాలితో చెవి గోక్కుంటుంటే ఆ కాలు నేలకి తగిలే చప్పుడది. కాసేపు ఆగేది. తర్వాత పాదాలు నాకుతున్న తడి చప్పుడు. ఆ తర్వాత మంచం కోడుకి వీపు రాసుకునేది, మంచం మొత్తం ఊగేది. మంచం మీద పడుకున్న నా సహచరుడికి మాత్రం మెలకువ వచ్చేది కాదు. పొద్దున్నే కాఫీ తాగుతూ "రాత్రి బాగానే పడుకున్నట్టుందిగా" అనేవాడు. అబద్ధమాడేవాడు కాదు. నిజంగానే అతనికి వినపడేది కాదు. పిల్లల చిన్నప్పుడు వాళ్ళ దగ్గూ వినపడేది కాదు.

పక్క గదిలో ఉన్న అమ్మకి వినపడేది. "లేచావా?" అని చీకట్లోంచే అడిగేది. "లేచానమ్మా" అనేదాన్ని. ఇద్దరం మళ్ళీ నడుం వాల్చేవాళ్ళం. ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు.

జున్ను లాబ్రడార్. దాని రంగు చూసి అమ్మే ఆ పేరు పెట్టింది. దాని దురద గురించి వ్యాసం రాస్తున్నానంటే ఒక స్నేహితురాలు నవ్వింది. "ఇన్ని సమస్యలుండగా కుక్క గజ్జి గురించా?" అంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ దురదకి కారణం వెతుక్కుంటూ పోతే నేను చేరింది మా వంటింటికి. అక్కడ నాకు తెలుసనుకున్నవి చాలా తెలియవని తేలింది. అందుకే రాస్తున్నాను.

దురద దానికి రెండో ఏట మొదలైంది. ముందు పాదాలు నాకేది. వేళ్ళ సందుల్లో తెల్లటి వెంట్రుకలు తుప్పు రంగుకి తిరిగాయి. తర్వాత చెవులు. లోపల గోధుమ రంగు జిడ్డు, పులిసిన పిండి వాసన. ఆ తర్వాత చంకలు, పొట్ట. మూడేళ్ళు గడిచేసరికి చంకల్లో చర్మం నల్లబడి, మందమై, గీతలు గీతలుగా ముడతలు పడి అచ్చం ఏనుగు చర్మంలా తయారైంది.

సలహాలకి లోటు లేదు. విజయవాడ ఎండలకీ ఉక్కకీ లాబ్రడార్లు ఇంతేనన్నారు. అన్నం మానెయ్యమన్నారు. అన్నమే పెట్టమన్నారు. వేపాకు నీళ్ళు పోశాను. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమంటే రాశాను. కర్పూరం కుక్కల కడుపులోకి పోతే విషమని ఆ రోజే ఎవరో చెబితే పరుగున కడిగేశాను.

ఒక డాక్టరుగారు ఇంజెక్షన్ చేశారు. సాయంత్రానికల్లా దురద మాయమైంది! ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. మూడు వారాలకి మళ్ళీ మొదలు. మళ్ళీ ఇంజెక్షన్, ఆ తర్వాత అదే మందు బిళ్ళల రూపంలో. అది స్టెరాయిడ్. మంటని, దురదని వెంటనే అణిచేస్తుంది, కారణం జోలికి పోదు. దానితోపాటు ఆకలి పెంచుతుంది, దాహం పెంచుతుంది. దాహం పెరిగితే మూత్రమూ పెరుగుతుంది. పెద్ద కుక్కకి మందు కిలోల లెక్కన వేస్తారు. బిళ్ళలెక్కువ, తాగే నీళ్ళెక్కువ, హాల్లో మడుగూ ఎక్కువే. జున్ను గోక్కోవడం తగ్గిందని అందరికీ కనపడింది. నా చేతిలో తడిగుడ్డ ఎవరికీ కనపడలేదు.

వెళ్ళిన ప్రతిచోటా "సార్ రాలేదా?" అని అడిగేవాళ్ళు. అంత కుక్కని ఒక్కదాన్నే ఆటో ఎక్కించి తెచ్చానని చూస్తూనే అడిగేవాళ్ళు. ఒకసారి సార్ వచ్చాడు. దురద ఎలా ఉందని డాక్టరుగారు అతన్ని అడిగారు. "నార్మల్‌గానే ఉంటుందండీ, అప్పుడప్పుడూ గోక్కుంటుంది" అన్నాడు. నేను రాత్రుళ్ళ సంగతి చెప్పబోయాను. "మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నారేమో మేడమ్" అన్నారు డాక్టరుగారు. ఈ మాట నాకు కొత్త కాదు. నడుం నొప్పికి విన్నాను. నెలసరి పదిహేను రోజులు ఆగనప్పుడు విన్నాను. కుక్క విషయంలోనూ వింటాననుకోలేదు.

దురద పుండు లాంటిది కాదు, పక్కవాళ్ళకి కనపడదు. కనపడేది గోకుడే. 1660లో శామ్యూల్ హాఫెన్‌రెఫర్ అనే జర్మన్ వైద్యుడు దురదని నిర్వచిస్తూ, గోక్కోవాలనే కోరిక పుట్టించే అసౌకర్యమైన అనుభూతి అన్నాడు. ఇంత కాలం గడిచినా వైద్యశాస్త్రం అక్కడి నుంచే మొదలుపెడుతోంది. అనుభూతి కాబట్టి అనుభవించేవాళ్ళు చెప్పాలి. వాళ్ళు చెప్పలేకపోతే పక్కనుండి చూసేవాళ్ళు చెప్పాలి. చెప్పినదాన్ని ఇంకెవరైనా నమ్మాలి. మూడేళ్ళుగా మా దగ్గర ఆగిపోయింది ఆ ఆఖరి మెట్టు దగ్గరే.

2024 డిసెంబరులో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నమ్మాయి, చదువు ముగించి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. బల్ల ఎక్కించమనకుండా తనే వచ్చి జున్ను పక్కన నేలమీద కూర్చుంది. చెవులు, వేళ్ళ సందులు, తోక మొదలు అన్నీ చూసింది. తర్వాత నన్ను అడిగింది, "దురద పదికి ఎంత వేస్తారు మేడమ్?"

నాకర్థం కాలేదు. ఆమె వివరించింది. సున్నా అంటే మామూలు కుక్క. పది అంటే తింటున్నా, ఆడుతున్నా, పడుకున్నా ఆపకుండా గోక్కునే కుక్క. ఈ మధ్యలో ఎక్కడుందో ఇంట్లో దాన్ని చూసుకునే మనిషే చెప్పాలి. దురదని కొలిచే యంత్రం ఏదీ లేదు. ప్రపంచంలో ఎక్కడైనా కుక్కల దురద మందుల మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ అంకె మీదే ఆధారపడతారట.

ఇరవై ఆరేళ్ళుగా కాలేజీలో పిల్లలకి మార్కులు వేస్తున్నాను. నా కళ్ళతో చూసినదానికి మార్కు వెయ్యమని నన్నెవరూ అడగలేదు. "ఎనిమిది" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా కాగితం మీద 8 అని రాసుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చాం. ముందు పిడుదులు, గోమార్లు. సన్నటి దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్ల కాగితం మీద వేసింది. ఆ నలుసుల చుట్టూ ఎర్రగా వ్యాపిస్తే అది గోమారు తాగి విసర్జించిన రక్తం. రెండు మూడు చోట్ల ఎర్రబడింది. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూసింది, గజ్జి పురుగులు లేవు. చెవి జిడ్డులో ఈస్టు మాత్రం నిండా ఉంది. పులిసిన పిండి వాసన దానిదే. వీటికి నెల రోజులు మందులు వాడాం. వారానికి రెండుసార్లు మందు షాంపూ, అదీ నురగ పెట్టి పది నిమిషాలు ఉంచాలి. 34 కిలోల తడి కుక్కని పది నిమిషాలు దులుపుకోకుండా పట్టుకోవడం అంటే ఏమిటో పట్టుకున్నవాళ్ళకే తెలుసు. నెలాఖరుకి ఎనిమిది కాస్తా ఆరైంది.

మిగిలిన ఆరు సంగతేమిటి? రెండు అవకాశాలున్నాయంది. ఒకటి, దుమ్ములో పురుగులు, పుప్పొడి లాంటివి పడకపోవడం. రెండు, తినేదేదో పడకపోవడం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తిండి అలర్జీకి రక్తపరీక్షలు, వెంట్రుకల పరీక్షలు అమ్ముతున్నారు కానీ కుక్కల్లో అవి నమ్మదగ్గవి కావంది. దారి ఒక్కటే. అది ఇంతవరకూ ఎప్పుడూ తినని మాంసం ఒకటి, ఎప్పుడూ తినని దుంపో గింజో ఒకటి, ఈ రెండే ఎనిమిది వారాలు పెట్టాలి. వేరే ఏదీ, ఒక్క బిస్కెట్టు ముక్క కూడా, నోట్లో పడకూడదు. మాంసం రుచి కలిపిన పురుగు మందు బిళ్ళ కూడా కుదరదు. తిండే కారణమైన కుక్కల్లో పదింట తొమ్మిదింటికి ఎనిమిది వారాల్లో తేడా తెలుస్తుందంది.

"తగ్గితే తిండి అలర్జీ అన్నట్టేనా?" అన్నాను.

"కాదు మేడమ్. సంక్రాంతి తర్వాత చలికి దానంతట అదే తగ్గొచ్చు. పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. దురద తిరిగొస్తేనే రుజువు."

ఎంత మంచి మాట! మా కాలేజీలో రిసెర్చ్ మెథడాలజీ చెప్పే చాలామందికి ఈ రెండో సగం గుర్తుండదు.

జున్ను ఇప్పటివరకూ ఏమేం తిందో జాబితా రాసుకు రమ్మంది. ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాక ఆ కుక్కకి తిండి పెట్టేది నేనే అన్న నా నమ్మకం పోయింది. పొద్దున్న వాకింగ్‌లో సహచరుడు టీకొట్టు దగ్గర పెట్టే బన్ను. వాచ్‌మన్ పెట్టే రొట్టె. అబ్బాయి పెట్టే చిప్స్. కోడిమాంసం కొట్టువాడు ఊరికే ఇచ్చే తోలు, కాళ్ళు. ఎదురింటి పాప చేతి గుడ్డు. పాత్రలు తోమే అక్క పెట్టే దోసె అంచు. అమ్మ మూడు పూటలా పెట్టే పెరుగన్నం ముద్ద. కాగితం రెండు వైపులా నిండింది. లాబ్రడార్ల ఆకలి సంగతి కూడా అప్పుడే తెలిసింది. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చినదాని ప్రకారం వాటిలో దాదాపు నాలుగోవంతుకి ఒక జన్యువులో లోపం ఉంటుంది, దాంతో తిండి యావ ఎక్కువవుతుంది. జున్ను ఆ నాలుగోవంతులోదో కాదో గానీ, దాని కళ్ళలోకి చూసి వట్టి చేత్తో వెళ్ళగలిగినవాళ్ళు మా వీధిలో లేరు.

కోడి, మేక, చేప, గుడ్డు అన్నీ అయిపోయాయి. కౌజుపిట్ట కోడికి మరీ దగ్గర చుట్టం. మాంసకృత్తుల్ని శరీరం గుర్తుపట్టనంత చిన్న ముక్కలు చేసి తయారుచేసే ప్రత్యేకమైన తిండి ఉంది గానీ, ఇంత కుక్కకి రెండు నెలలు పెట్టాలంటే నా జీతంలో సగం పోయేట్టుంది. "కుందేలు, లేదా పంది" అంది డాక్టరు. "పందే సులువు."

సులువు అని ఆమె అన్నది కొట్లో దొరకడం గురించి.

మాది మాంసం తినే కులమే. కోడి తింటాం, వేట తింటాం, గోదావరి జిల్లా చుట్టాలొస్తే రొయ్యలు బుట్టలకొద్దీ తింటాం. పంది దగ్గరికొచ్చేసరికి నాలుక ఆగదు, కులం ఆగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆహారం మీద, అస్తిత్వం మీద సెమినార్లలో మాట్లాడుతున్నదాన్ని. నా వంటింట్లోకి పంది మాంసం ఎన్నడూ రాలేదని ఆ సాయంత్రం దాకా నాకు తట్టనే లేదు. అమ్మ ఒకే మాట అంది. "నా గిన్నెల్లో మటుకు వద్దు."

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవాలి. అక్క దగ్గరికి వెళ్ళాను. మా ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఆవిడ పేరు రాయొద్దంది, రాయడం లేదు. క్రైస్తవులు. క్రిస్మస్‌కి వాళ్ళింట్లో పంది మాంసం వండుతారని నాకు తెలుసు. "అక్కా, మీ ఇంట్లో వండి డబ్బాలో తెచ్చిపెడతావా? నెలకింత అని ఇస్తాను" అన్నాను. చాలా మర్యాదగా అడిగాననే అనుకున్నాను.

ఆవిడ గిన్నె తోమడం ఆపి నావైపు చూసింది. "పదకొండేళ్ళ నుంచి క్రిస్మస్‌కి కేకు తీసుకుంటారు. కూర తెమ్మని ఎప్పుడూ అడగలేదండి" అంది. కాసేపాగి, కోపం లేకుండానే అంది. "మేం తింటే మైలండి. మీ కుక్క తింటే మందండి."

నా దగ్గర జవాబు లేదు.

"మా ఇంట్లో వండి దొంగతనంగా తేవడం నా వల్ల కాదు. మంచి మాంసం ఎక్కడ దొరుకుద్దో చూపిత్తాను. వండుకునేది మీ పొయ్యి మీద వండుకోండి" అని మళ్ళీ గిన్నె తోమసాగింది.

ఆ ఆదివారం ఇద్దరం కలిసి వెళ్ళాం. కొవ్వు తక్కువున్న చోటు ఏదో, ముక్క ఎలా కొట్టించాలో, పురుగుల భయం లేకుండా ఎంతసేపు ఉడకాలో ఆవిడే చెప్పింది. ఉప్పు, మసాలా ఏమీ లేకుండా, కుక్కలకి హాని చేసే ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించాను. మా వంటింట్లో, మా పొయ్యి మీద. రోజుకి అరకిలో మాంసం, ముప్పావు కిలో చిలగడదుంపలు. ఎనిమిది వారాలకి 28 కిలోల మాంసం, 42 కిలోల దుంపలు. ఎదిగిన కుక్క కాబట్టి ఆ రెండు నెలలకీ ఫరవాలేదనీ, ఎప్పటికీ ఇదే పెడితే కాల్షియం లాంటివి చాలవనీ డాక్టరు ముందే హెచ్చరించింది. మొదటి వారం అమ్మ వంటింట్లోకి రాలేదు. రెండో వారం గుమ్మం దగ్గర నిలబడింది. మూడో వారం, "దుంప ఇంకా ఉడకలేదు చూడు" అంది.

ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించాను. రోజూ రాత్రి దాని మీద ఒక అంకె. 6, 6, 5, 6, 5. మూడో వారానికి 4. అయిదో వారానికి 3. రాత్రి చప్పుడు తగ్గింది. సహచరుడు చిల్లర డబ్బులు టీకొట్టు దగ్గర బన్నుకి ఖర్చు కాకుండా తిరిగి తెచ్చేవాడు. వాచ్‌మన్‌కి, ఎదురింటి పాపకి విడివిడిగా నచ్చజెప్పాను. ఎనిమిది వారాల పథ్యం కుక్క చెయ్యలేదు. దాని చుట్టూ ఉన్న ఇన్ని చేతులు చేశాయి. ఆ చేతులన్నిటినీ కాపలా కాసే పని ఎవరికి పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

2025 ఫిబ్రవరి 26న శివరాత్రి. ఉపవాసానికి అమ్మ కోసం ఉడికించిన చిలగడదుంపలూ జున్ను దుంపలూ ఒకే బుట్టలోవి. అమ్మ ఆ రాత్రంతా జాగారం చేసింది. మర్నాడు పొద్దున్న నేను కాలేజీకి వెళ్ళిపోయాను. రెండు రోజులకి అంకె అయిదుకి పెరిగింది. మూడో రోజు ఏడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. ఎవరేం పెట్టారని ఇంట్లో అందర్నీ నిలదీశాను. ఎవరూ పలకలేదు.

ఆ రాత్రి రెండు గంటలకి మళ్ళీ టప్ టప్ టప్. లేచి హాల్లోకి వెళ్ళేసరికి అమ్మ అప్పటికే జున్ను పక్కన కింద కూర్చుని ఉంది. "నేనేనే" అంది. "ఉపవాసం విడిచేటప్పుడు పెరుగన్నం కలుపుకున్నాను. ఆరు వారాలై నా చేతి ముద్ద తినలేదు. ఎదురుగా కూర్చుని చూస్తోంది. ఒక్క ముద్ద." కళ్ళు తుడుచుకుంది. "నా చెయ్యే దీనికి విషమైందా?"

కోపమంతా దిగిపోయింది. పక్కన కూర్చున్నాను. అమ్మ ఒక చేత్తో జున్ను తల నిమురుతోంది. రెండో చెయ్యి చీర కుచ్చిళ్ళ పక్కనుంచి లోపలికి పోయి నడుం దగ్గర ఆపకుండా గోకుతోంది. తను గోకుతున్నట్టు తనకే తెలియడం లేదు.

"ఏమైందమ్మా అక్కడ?"

చెయ్యి తీసేసింది. "ఏం లేదు. లంగా బొందు."

చూపించమన్నాను. వద్దంది. మళ్ళీ అడిగాను. లైటు వేసి చూశాను. నడుం చుట్టూ బొందు కట్టే చోట రెండంగుళాల మేర చర్మం నల్లబడి, మందమై, గీతలు గీతలుగా ముడతలు పడి ఉంది. ఆ చర్మాన్ని నేను గుర్తుపట్టాను. జున్ను చంకలో రోజూ మందు రాస్తున్నది అలాంటి చర్మానికే. ఏళ్ళ తరబడి రుద్ది రుద్ది గోకిన చోట మనిషికైనా కుక్కకైనా చర్మం అలాగే అవుతుందని డాక్టరు చెప్పి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీ తమ్ముడు పుట్టినప్పటి నుంచి."

తమ్ముడికి నలభై ఒకటి.

"ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"ఏమని చెప్పను? ఆడది నలుగురిలో నడుం గోక్కుంటుందా? మీ నాన్నతో ఒకసారి అన్నాను. బొందు వదులుగా కట్టుకోమన్నారు. వదులుగా కడితే చీర నిలబడుతుందా?"

నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. "పదికి ఎంతమ్మా?"

"నాకెందుకే మార్కులు" అని నవ్వింది. జున్ను చెవి వెనక్కి మడిచి చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "పగలు అయిదు. రాత్రిళ్ళు తొమ్మిది."

జున్ను గోకుడు వినపడి నాకు మెలకువ వస్తోందనీ, అమ్మకీ అందుకే వస్తోందనీ మూడేళ్ళు అనుకున్నాను. అమ్మ మొదటి నుంచీ మెలకువగానే ఉంది.

మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఏళ్ళ తరబడి ఒరిపిడి, చెమట, గోకుడు అన్నారు. పూతమందు ఇచ్చారు. సన్నటి బొందు మానేసి వెడల్పాటి పట్టీ ఉన్న లంగాలు వేసుకోమన్నారు. బొందు ఒరుసుకున్న చోట మానని పుండ్లు పడి, అరుదుగా కాన్సరుగా మారిన సంగతులు మన దేశపు డాక్టర్లే వైద్య పత్రికల్లో రాశారని తర్వాత చదివాను. 2024లో కూడా అలాంటివి రెండు నమోదయ్యాయి. అమ్మది అంతదాకా రాలేదు. రాకపోవడం అదృష్టం, అంతే. అందులో మా జాగ్రత్త ఏమీ లేదు.

జున్ను పథ్యం ఇంకో రెండు వారాలు పొడిగించాం. మార్చి ఆఖరుకి మళ్ళీ మూడుకి వచ్చింది. ఇక రుజువు మిగిలింది. బాగున్న కుక్కకి మళ్ళీ దురద తెప్పించడానికి మనసొప్పదు, కానీ తప్పదు. ముందు కోడి. రెండు వారాలు రోజూ పెట్టాం. అంకె కదల్లేదు. నేను అనుమానించింది కోడినే. తర్వాత పెరుగు. మూడో రోజుకి అయిదు, అయిదో రోజుకి ఏడు. ఆపేశాం. పేరు పెట్టిన పదార్థమే దానికి పడదు!

2016లో వచ్చిన ఒక సమీక్షలో 297 అలర్జీ కుక్కల వివరాలు కలిపి చూశారు. గొడ్డు మాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13. ఇది చూసి ఫలానా మాంసం చెడ్డదనుకోవడానికి లేదు. కుక్కకి ఎక్కువగా ఏది పెడతారో దానికే అలర్జీ వచ్చే అవకాశాలెక్కువ. ఆ జాబితా ఎక్కువగా పడమటి దేశాల ఇళ్ళ వంటిళ్ళ జాబితా. అమ్మతో ఇదే చెప్పాను. "నీ చెయ్యి విషం కాదమ్మా. రోజూ పెట్టింది నువ్వు గనక అది నీ ముద్దలో దొరికింది." ఇప్పుడు అమ్మ ఉడికిన చిలగడదుంప మెత్తగా చిదిమి ముద్ద చేసి పెడుతుంది. అది కూడా అదే కళ్ళతో తింటుంది.

పూర్తిగా తగ్గిందని చెప్పను. వానాకాలం ఉక్కలో ఇప్పటికీ నాలుగుకి పోతుంది. తిండితోపాటు దుమ్మూ కొంత పడదట, రెండూ ఉన్న కుక్కలు చాలానే ఉంటాయట. దురద సంకేతాన్నే ఆపే కొత్త మందులున్నాయి, అవీ కిలోల లెక్కనే, ఖరీదూ కిలోల లెక్కనే. మరీ పెరిగినప్పుడు వాడతాం. ఆదివారాల షాంపూ స్నానం ఇప్పుడు సహచరుడి పని. పది నిమిషాలు పట్టుకోవడం ఎంత కష్టమో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంటాడు.

ఫ్రిజ్ మీద కాగితంలో రెండు గళ్ళు అయ్యాయి. జున్ను, అమ్మ. అమ్మ అంకె తనే రాసుకుంటుంది. మొన్న ఒకరోజు అక్క గిన్నెలు తోమి చేతులు తుడుచుకుంటూ ఆ కాగితం ముందు నిలబడింది. "నాకూ ఒక గీత గియ్యండి" అంది. చేతులు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, పొలుసులు లేచి, కణుపుల దగ్గర నల్లబడి ఉంది. పదకొండేళ్ళ మా గిన్నెల సబ్బు. ఆ సబ్బు కొంటున్నది నేనే. ఆ చేతుల్లోంచి రోజూ కాఫీ గ్లాసు అందుకుంటున్నదీ నేనే.

పెన్ను తీసి మూడో గడి గీశాను. "పదికి ఎంత అక్కా?" అన్నాను.

"పొద్దున్నా, గిన్నెలయ్యాకా?" అంది.